ఇరవై ఎనిమిదో నాటి సన్నికల్లు

ఆ గురువారం పొద్దున మంజుల పెట్టుకున్న పని చాలా చిన్నది. మూడు రాళ్లు పగలగొట్టాలి, మూడు అంకెలు రాయాలి, కింద సంతకం పెట్టాలి. ఒంటిగంటకల్లా అన్నం డబ్బా విప్పుకోవచ్చు.

రాళ్లంటే దారిన పడి ఉండే రాళ్లు కావు. పెద్దపల్లికి ఇవతల వరి పొలాల మీదుగా హైస్పీడు రైలు కోసం వరసగా స్తంభాలు లేస్తున్నాయి. ఏ స్తంభానికి కాంక్రీటు పోసినా, అందులోంచే కాస్త తీసి ఇనుప అచ్చుల్లో నింపి నలుచదరపు దిమ్మెలు ఆరు తీస్తారు. మూడింటిని వారానికే పగలగొట్టి చూస్తారు. మిగిలిన మూడింటిని ఇరవై ఎనిమిది రోజులు నీళ్లతొట్టిలో ఉంచి, ఆ చివరి రోజున యంత్రంలో పెట్టి పగిలేదాకా నొక్కుతారు. దిమ్మె ఎంత బరువు దగ్గర పగిలిందో చూస్తే స్తంభం గట్టితనం తెలుస్తుంది. స్తంభాన్నే పగలగొట్టి చూడలేరు కనుక దాని తోబుట్టువులకు ఈ శిక్ష. సైట్లో అందరూ వాటిని రాళ్లనే అంటారు.

ఆ పని చూసే టెక్నీషియన్ మంజుల. సిరిసిల్లలో సాంచెలు, అంటే మరమగ్గాలు, నడిపే ఇంటి పిల్ల. మగ్గం చప్పుడు వింటూనే ఎక్కడ పోగు తెగిందో చెప్పగల తండ్రికి పుట్టి, పాలిటెక్నిక్‌లో సివిల్ డిప్లొమా చదివి, ఆ చెవినే కాంక్రీటు మీదికి మళ్లించింది. కలిపే మిషను తిరిగే చప్పుడును బట్టి నీళ్లు ఎక్కువయ్యాయని చెప్పేస్తుంది. వారం వారం ప్రతి రాయినీ తొట్టిలోంచి తీసి, తుడిచి, తూకం వేసి సొంత నోటుబుక్కులో రాసుకుంటుంది. ఆ తూకం ఎవరూ అడగరు, ఏ ఫారంలోనూ దానికి గడి లేదు. ఎందుకీ చాదస్తమని సైటు ఇంజనీరు మల్లేష్ నవ్వితే, పిల్లలు పెరుగుతున్నారో లేదో చూసుకోవద్దా అంటుంది. ఇలాంటి మనుషులు ఎవరికీ కనబడని చోట కూర్చుని ఇలాంటి చాదస్తాలు చేస్తుండబట్టే మనం వంతెనల మీద కిటికీకి తల ఆనించి హాయిగా కునుకు తీస్తున్నాం.

ఆ రోజు పరీక్ష నలభై ఒకటో స్తంభానిది. మంజుల మొదటినుంచి చివరిదాకా ఒంటిచేత్తో చూసుకున్న మొదటి స్తంభం అది. కాగితం మీద టెక్నీషియన్‌గా ఆమె ఒక్కదాని పేరే ఉంది. పదకొండున్నరకు తనిఖీ అధికారి శ్రీహరి సారు వస్తాడు. ఆయన కళ్ల ముందు రాళ్లు పగలాలి. అంకె యాభై దాటితే, ఎక్కడినుంచో తెప్పించిన పెద్ద క్రేను మూడు గంటలకు ఆ స్తంభం మీదికి దూలం ఎత్తుతుంది. దాటకపోయినా, అసలు రాళ్లే లేకపోయినా స్తంభానికి బొక్క తొలిచి లోపలి ముక్క తీసి చూస్తారు. క్రేను ఇంకో సైటుకు వెళ్లిపోతుంది. డిప్లొమా పిల్ల చేతికి స్తంభమిస్తే ఇంతే అన్న మాట మాత్రం ఎక్కడికీ పోదు.

తొమ్మిది గంటలకు ఆమె తొట్టి దగ్గరికి వెళ్లింది. నలభై రెండో స్తంభం రాళ్లు ఉన్నాయి, నలభై మూడువి ఉన్నాయి. నలభై ఒకటివి ఉండవలసిన చోట నీళ్లు ఉన్నాయి.

తొట్టిని చూసుకునే మనిషి దేవవ్వ. యాభై దాటిన మనిషి. రాళ్ల మీద నీళ్లు ఎప్పుడూ తగ్గకూడదని మంజుల మొదటి రోజు చెప్పిన మాటను ఆమె వేదవాక్కుగా పట్టుకుంది. ఎండాకాలంలో తాను దాహంతో ఉన్నా రాళ్లకు ముందు పోసేది. అలాంటి మనిషి చేతిలోంచి రాళ్లు పోయాయంటే నమ్మడం కష్టం. మంజుల అడగ్గానే దేవవ్వ ఏమీ దాచలేదు. దాచాల్సిన పని చేశానని ఆమె అనుకోనే లేదు.

"నేనే ఇచ్చిన బిడ్డా. మా తమ్ముడు అంజన్న బిడ్డ లగ్గం ఇయ్యాల. వంట గంజుకు పొయ్యిరాళ్లు లేవని పరేషాన్ అయితుండు. పొయ్యికి మూడు గావాలె, గివి మూడే ఉన్నయి."

మంజుల తొట్టిలో చెయ్యి పెట్టి మళ్లీ వెతికింది. అది కోపమేమో అని దేవవ్వకు మొదటిసారి అనుమానం వచ్చి ఇంకాస్త వివరించింది.

"ఇయ్యాల నువ్వు ఎట్లనో పలగ్గొట్టెటియే గదా. సచ్చేముందు నలుగురికి అన్నం వండి సస్తయనుకున్న."

ఈ మాటలో తప్పెక్కడుందో వెతకడానికి మంజులకు కొంచెంసేపు పట్టింది. తప్పు ఉంది. పొయ్యిలో కాలిన కాంక్రీటు కాంక్రీటు కాదు, దానితో పరీక్ష చేస్తే వచ్చే అంకె అబద్ధం. ఇరవై ఎనిమిది రోజులు కాపాడుకున్నవి ఇరవై ఎనిమిదో రోజున గొర్రెమాంసం కింద కాలిపోతున్నాయి.

సంగతి తెలిసి మల్లేష్ ఒక నిమిషం తల పట్టుకుని, తరవాత గొంతు తగ్గించి ఒక ఉపాయం చెప్పాడు. నలభై రెండువి తొట్టిలోనే ఉన్నాయి, పెయింటుతో నంబరు మార్చేద్దాం.

"ఎవలకు తెలుస్తది?"

"నాకు తెలుస్తది సార్," అని మంజుల స్కూటీ తాళం తీసుకుంది.

దేవవ్వను వెనక కూర్చోబెట్టుకుని ఐదు కిలోమీటర్లు ఎలా వెళ్లిందో ఆమెకే తెలియదు. ఆ తొందరలో నెత్తిమీది పచ్చ హెల్మెట్టు, ఒంటిమీది నారింజరంగు సైటు కోటు తీయడం మరిచిపోయింది. పెళ్లికి వెళ్తూ పిల్లిని చంకన పెట్టుకుపోయినట్టయింది ఆమె పని.

ఆ చుట్టుపక్కల ఊళ్లలో నారింజ కోటుకు ఒకటే అర్థం. ఆ కోటు వేసుకున్నవాళ్లు ఒకరోజు వచ్చి గోడమీద ఎర్రరంగు గీత గీసిపోతారు. మరి కొన్నాళ్లకు ఆ గోడ ఉండదు. పందిట్లోకి మంజుల అడుగు పెట్టగానే అందరికన్నా ముందు చూసినవాడు పెళ్లికొడుకు మేనమామ హనుమండ్లు. మేనల్లుడిని కారులోంచి దింపుతున్నవాడు అక్కడే ఆగిపోయాడు. ఈ ఇల్లు లైన్లో పోతుందా అని ఆయన పక్కవాడిని అడిగాడు. పక్కవాడు తన పక్కవాడికి ఇల్లు పోతుందట అని చెప్పాడు.

పెళ్లికూతురు తండ్రి అంజన్నకు మాత్రం వేరే భయం పట్టుకుంది. కంపెనీ రాళ్లు తెచ్చుకున్నందుకు మనిషిని పంపారనుకున్నాడు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, ఎవరూ అడగకముందే మంజుల ఎదుట చేతులు జోడించి, మగపెళ్లివారికి మాత్రం ఆమె తమ దగ్గరి చుట్టమని చెప్పి, ముందు వరస కుర్చీలో కూర్చోబెట్టి షర్బత్తు ఇప్పించాడు. మంజుల గ్లాసు పట్టుకుని, పొయ్యి ఎక్కడ పెట్టారని మెల్లగా అడిగింది. ఆ ప్రశ్న హనుమండ్లు చెవిన పడింది. లైను వంటింటి మీదుగా పోతుందని ఆయనకు రూఢి అయింది. పిల్ల పుట్టింటికి పోవాలంటే రేపు ఏ అడ్రసుకు పోవాలని ఆయన గట్టిగానే అన్నాడు. లగ్గం ఘడియ దగ్గరికొచ్చింది, ముందు అది కానియ్యమని పెళ్లికొడుకు నాయనమ్మ శంకరవ్వ కసిరితే అప్పటికి కూర్చున్నాడు.

మంజుల ఇంటి వెనక్కి పరుగెత్తింది. వంట మేస్త్రి గ్యాసు పొయ్యిలతో వచ్చాడు. కట్టెలు లేవు, నిప్పు లేదు, పొయ్యిరాళ్ల అవసరమే పడలేదు. ఆమె కళ్లల్లో నీళ్లు తిరిగాయి. రెండు రాళ్లు మంచినీళ్ల డ్రమ్ము కింద ఉన్నాయి. డ్రమ్ము నల్లా కింద బిందె పట్టకపోతే ఎత్తుకోసం పెట్టారట. నల్లా కారుతోంది. రాత్రినుంచి ఆ రెండు రాళ్ల మీద బొట్టుబొట్టుగా నీళ్లు పడుతూనే ఉన్నాయి. తొట్టిలో ఉన్నా ఇంతకన్నా తడిగా ఉండేవి కావు.

మూడోది ఎక్కడుందో చెప్పడానికి అంజన్న నీళ్లు నమిలాడు. సన్నికల్లు తేవాలని పెళ్లి చేయించే అయ్యగారు అడిగాడట. మిక్సీ వచ్చినప్పటినుంచి ఈ ఇంట్లోనే కాదు, వాడకట్టు మొత్తంలో సన్నికల్లు లేదు. సరిగ్గా అప్పుడు నున్నగా, అంచులు తీర్చినట్టు ఉన్న రాయి ఒకటి చేతికందింది. కడిగి పసుపు రాసి మండపంలో పెట్టారు.

మంజుల వెళ్లి చూసేసరికి మండపం ముందు ఆడవాళ్ల వరస ఉంది. చేతుల్లో చెంబులున్నాయి. ఒక్కొక్కరూ వచ్చి రాయి మీద నీళ్లు పోసి, దండం పెట్టుకుని పక్కకు తప్పుకుంటున్నారు. రాళ్లు ఇచ్చేటప్పుడు దేవవ్వ తమ్ముడికి ఒకటే షరతు పెట్టిందట, ఎండనియ్యద్దని, గంటకో చెంబు పోయమని. అంజన్న భార్య పోసింది. అది చూసి ఆమె తోడికోడలు పోసింది. ఆడపెళ్లివారి ఆచారమేమోనని మగపెళ్లివారి ఆడవాళ్లూ పోశారు. ఇదేం ఆచారమని మొదట విసుక్కున్న అయ్యగారు, మండపం బురద కావడం మొదలయ్యాక, ఇన్ని చెంబులకు సరిపడే మంత్రం ఒకటి వెతికి చదవసాగాడు. పసుపు కింద ఎర్ర పెయింటుతో రాసిన నలభై ఒకటి అన్న అంకె స్పష్టంగా కనిపిస్తోంది. దాని చుట్టూ ఎవరో నాలుగు కుంకుమ బొట్లు కూడా పెట్టారు.

అప్పుడే రాయిని లాక్కోవచ్చు. పది నిమిషాల్లో సైటుకు చేరవచ్చు. కానీ తాళి కట్టేశారు, పెళ్లికొడుకు సాయిచంద్ వంగి పెళ్లికూతురు హర్షిణి కాలి బొటనవేలు పట్టుకున్నాడు. ఆ కాలిని రాయి మీద పెట్టించి, ఎన్ని కష్టాలొచ్చినా ఈ రాయిలాగా స్థిరంగా ఉండమని దాని అర్థం అని అయ్యగారు చెప్పాడు. మంజుల కదల్లేదు. తాను ఇన్నాళ్లుగా ఆ రాయినుంచి కోరుకుంటున్నది కూడా అంతే కదా అనిపించింది. తన రాయి మీద ఒక పిల్ల కాపురం మొదలవుతుంటే చూడడం ఎవరికి దొరుకుతుంది.

ఆ సంతోషం తలంబ్రాలు ముగిసేదాకానే నిలిచింది. సైట్లో శ్రీహరి సారు అరగంట ముందే వచ్చి రాళ్లేవని అడిగాడు. బయట నీళ్లు పడుతున్నారని మల్లేష్ నోటికొచ్చింది చెప్పాడు, అది నిజమే అయి కూర్చుంది. బయట అంటే ఎక్కడో చూపించమన్నాడు ఆయన. రెండు జీపులు, ఆరు నారింజ కోట్లు వచ్చి పందిరి ముందు ఆగాయి.

అప్పటికి మగపెళ్లివారు మొదటి బంతిలో కూర్చుని ఉన్నారు. హనుమండ్లు విస్తరి ముందునుంచి లేచి నేరుగా శ్రీహరి సారు దగ్గరికి వెళ్లి, పోతదా ఉంటదా ఒక్కమాట చెప్పమన్నాడు. రాళ్ల గురించి అడుగుతున్నాడనుకున్న ఆ పెద్దమనిషి, ఇంకా పరీక్ష కాలేదు, అయ్యాకే చెప్పగలను, అప్పటిదాకా ఎవరూ ఏమీ ముట్టుకోకండి అన్నాడు.

మగపెళ్లివారి బంతి మొత్తం లేచి నిలబడింది. మెతుకు ముట్టకుండా వియ్యాలవారు లేచిపోవడమంటే ఏమిటో ఆ ఊళ్లో ఎవరికీ చెప్పనక్కర్లేదు. అంజన్న మొహంలో నెత్తురు చుక్క లేదు. దేవవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మల్లేష్ జీపులోనే ఉండిపోయాడు.

మంజుల హెల్మెట్టు తీసి మండపం ఎక్కింది. ఇల్లు ఎక్కడికీ పోదని, లైను ఇక్కడికి ఐదు కిలోమీటర్ల దూరంలో ఉందని, తాను మూడు రాళ్ల కోసం వచ్చానని, ఆ మూడింటి సంగతీ మొదటినుంచి చివరిదాకా చెప్పింది. దేవవ్వ చేసింది తప్పే అయినా రాళ్లను తడారనీయకుండా కాపాడిందీ ఆమేనని చెప్పింది. పైవాళ్ల ముందు చెప్పకూడని మాటలు కూడా అందులో ఉన్నాయి. ఆమె వాటినీ మింగలేదు. ఇక ఈ రాళ్లను తీసుకుపోయి పగలగొట్టాలి, సెలవిప్పించండి అని ముగించింది.

జనం ఊపిరి పీల్చుకున్నారు. శంకరవ్వ మాత్రం కర్ర తాటించి ముందుకొచ్చింది.

"రాయి లెక్క గట్టిగుంటనని మా పిల్ల దాని మీద కాలు వెట్టి గంట కాలే. నువ్వు దాన్ని పలగ్గొడ్తనంటవు. మంచిదేనా బిడ్డా గిది?"

మంజుల ఆమె పక్కన కూర్చుంది.

"పలగ్గొట్టకుంట ఎంత గట్టిదో ఎట్ల తెలుస్తది అవ్వా? గా స్తంభం మీదికెళ్లి రేపు వేలమంది పోతరు. గట్టిదేనని నేను రాసియ్యాలె. చూడకుంట ఎట్ల రాసియ్యను?"

ముసలామె కన్నా ముందు కొత్త పెళ్లికూతురు అందుకుంది. ఆమె తలమీంచి తలంబ్రాలు ఇంకా రాలుతూనే ఉన్నాయి.

"పలగ్గొట్టనియ్యి అవ్వా. తక్కువకు పలిగితే గప్పుడు నన్నడుగుండ్రి."

శంకరవ్వ మనవడి పెళ్లాం మొహం వైపు చూసి, అయితే మేమూ వచ్చి చూస్తాం, అన్నం వచ్చాక తింటాం అని తీర్పు చెప్పింది.

ఆ విధంగా నలభై ఒకటో స్తంభం రాళ్లు డప్పులతో సైటుకు బయలుదేరాయి. ముందు శ్రీహరి సారు జీపు, వెనక పూలు కట్టిన కారు, దాని వెనక మగపెళ్లివారి డీసీఎం వ్యాను. కారులో వధూవరుల మధ్య దేవవ్వ కూర్చుంది, ఒళ్లో తడి గోనెసంచిలో మూడు రాళ్లు. దారిపొడవునా ఆమె సీసాతో నీళ్లు పోస్తూనే ఉంది. సాయిచంద్ కొత్త పంచె నానిపోయింది, పాపం, అతను ఏమీ అనలేదు.

ల్యాబు నలుగురు మనుషులకు కట్టిన గది. శంకరవ్వకు లోపల కుర్చీ వేశారు, మిగిలినవాళ్లు కిటికీలకు వేలాడారు. ల్యాబు దాటిపోయిన రాళ్లను నేనెలా నమ్మాలని శ్రీహరి సారు అడిగాడు. అవే రాళ్లని నంబరు చెబుతుంది, ఎండలేదని ఏది చెబుతుంది?

మంజుల పసుపు తుడిచి రాళ్లను త్రాసు మీద పెట్టి, నోటుబుక్కు తెరిచి ఆయన ముందుంచింది. పోయిన వారం తూకానికీ ఇప్పటి తూకానికీ ఏ రాయిలోనూ పది గ్రాముల తేడా లేదు. ఆయన ఆ పేజీ చూసి, వెనక పేజీ తిప్పి, ఇంకా వెనక్కి తిప్పాడు. మొదటి స్తంభందాకా ప్రతి రాయి బరువూ వారం వారం అందులో ఉంది.

"ఇది రాయమని ఎవరు చెప్పారు?"

"ఎవలు చెప్పలే సార్."

నలభై రెండో స్తంభం రాళ్లు తొట్టిలోనే ఉండగా ఇంత దూరం ఎందుకు తిరిగావని ఆయన అడిగాడు. అవి నలభై రెండువి కదా అంది మంజుల. మల్లేష్ కిటికీ వైపు తిరిగి పొలాలు చూశాడు.

డ్రమ్ము కింది రాళ్లు ముందు ఎక్కాయి. ఒకటి యాభై ఆరు దగ్గర, ఒకటి యాభై ఎనిమిది దగ్గర పగిలాయి. తరవాత సన్నికల్లు ఎక్కింది. యంత్రం నాలుగు నిమిషాలపాటు మెల్లగా నొక్కుతుంది, తొందరపెడితే ఒప్పుకోదు. నలభై దగ్గర డప్పులవాళ్లు కూడా చప్పుడు చేయడం మానేశారు. యాభై దాటింది, స్తంభం గెలిచింది, మంజుల గుండె కుదుటపడింది. కానీ ఆ గదిలో ఆ రాయి ఇప్పుడు స్తంభం కోసం మాత్రమే పరీక్ష రాయడం లేదు. యాభై ఎనిమిది దాటింది. అరవై దాటింది. హర్షిణి పెదవులు కదులుతున్నాయి, అంకెలు లెక్కపెడుతోందో దేవుణ్ణి మొక్కుతోందో తెలియదు. అరవై మూడు దగ్గర ఫట్టుమని చప్పుడై నాలుగు పక్కలా పెచ్చులు లేచాయి.

ఇదే రాయి ఎందుకు ఎక్కువ మోసిందో మంజులకూ తెలియదు. సన్నగా నవ్వుతూ అంకె రాసింది. అందరూ శంకరవ్వ వైపు చూశారు. శంకరవ్వ మనవడి వైపు చూసింది.

"పిల్ల గట్టిదే. నువ్వే జర పైలం."

డప్పులు మళ్లీ మొదలయ్యాయి. అప్పుడు హనుమండ్లు అంజన్న భుజం మీద చెయ్యేసి ఆకలవుతోందన్నాడు. అంజన్న ఆ మాట వినడానికే పుట్టినవాడిలా ఏడ్చాడు.

శ్రీహరి సారు అంతటితో వదల్లేదు. స్తంభం దగ్గరికి వెళ్లి పన్నెండు చోట్ల పరీక్ష సుత్తి ఆనించి చూశాడు. అంకెలన్నీ రాళ్లు చెప్పినదానికి సరిపోయాయి. తొట్టి గదికి ఈ రోజే తాళం వేయించమని మల్లేష్‌కు చెప్పాడు. పని పోయిందనుకుని చీర కొంగుతో కళ్లు తుడుచుకుంటున్న దేవవ్వను పిలిచి, తాళంచెవి ఆమె దగ్గరే ఉండాలన్నాడు. పెళ్లిలో కూడా తడారనివ్వని మనిషి తన ఇరవయ్యేళ్ల నౌకరీలో కనబడలేదన్నాడు.

మూడు గంటలకు దూలం లేచింది. అంత పెద్ద దూలాన్ని నలభై ఒకటో స్తంభం చిన్న చప్పుడైనా లేకుండా తలమీద పెట్టుకుంది. మంజుల కింద నిలబడి చెవి పెట్టి వింది. ఏమీ వినబడకపోవడమే ఆమెకు కావలసింది. అన్నం డబ్బా తొమ్మిదింటినుంచీ స్కూటీ డిక్కీలోనే ఉంది. ఆ సంగతి ఆమెకు అప్పుడు గుర్తొచ్చింది. ఆకలి మాత్రం లేదు. ఆమె కళ్లు నిండిపోయి ఉన్నాయి.

పరీక్ష కళ్లారా చూసిన సాక్షులు సంతకం పెట్టడానికి రిపోర్టులో రెండే గీతలుంటాయి. శంకరవ్వ వేలిముద్రతో కలిపి నలభై మూడు సంతకాలు వచ్చేసరికి మల్లేష్ ఇంకో కాగితం అంటించాల్సి వచ్చింది.